కేలీ అనే పాటా ఆటల కూడికకు పిలిస్తే వెళ్ళి మూల కూర్చుని వచ్చాను. మళ్ళీ వెళ్ళాలా, మానాలా?

పాలకొల్లు పద్మజ
కెనడాలో, కేప్ బ్రెటన్ దీవిలో ఉంటాను. సిడ్నీలో చదువు. ఆస్ట్రేలియా సిడ్నీ కాదు, నోవా స్కోషియాలో ఉన్నది. మేము అద్దెకు ఉంటున్న ఇంటావిడకు డెబ్భై దాటాయి. పోయిన శనివారం ఇన్వర్నెస్ కౌంటీలో ఒక పల్లెలో కేలీ ఉందని, నన్నూ నా గదిలో ఉండే అమ్మాయినీ తన కారులో రెండు గంటల దూరం తీసుకువెళ్ళారు.

మేము చేరేసరికి రాత్రి తొమ్మిదిన్నర. చిన్న హాలు, చెక్క నేల, గోడ వారగా నిలువు పియానో, దాని పక్కన మామూలు కుర్చీలో కూర్చుని ఫిడేలు వాయిస్తున్న ఒకాయన. వాయిస్తూ మడమతో నేలను ఎంత గట్టిగా కొడుతున్నారంటే నా కుర్చీ కాళ్ళ దాకా అదురు తెలిసింది. జనం లేచి జంటలుగా గుండ్రంగా నిలబడ్డారు. ఇప్పుడు ఏ నాట్యం, ఎలా చేయాలి అని ఒక్కరూ చెప్పలేదు. సంగీతం మొదలైంది, అందరూ కదిలారు, అంతే.

ఒక పెద్దాయన వచ్చి చెయ్యి చాచారు. నాకు రాదన్నాను. పరవాలేదు రమ్మన్నారు. రాదని మళ్ళీ అన్నాను. చిరునవ్వు నవ్వి వెళ్ళిపోయారు. ఆ తరవాత రెండు గంటలు ఎవరూ నన్ను పిలవలేదు. నా స్నేహితురాలు ఫోను ఎత్తి వీడియో తీస్తుంటే ఒకావిడ వచ్చి దించమన్నారు. తను ఇంటికి వచ్చి ఏడ్చింది.

నేర్పే ఉద్దేశం లేనప్పుడు కొత్తవారిని పిలవడం ఎందుకు? వచ్చే శనివారం మళ్ళీ వెళదామంటున్నారు ఇంటావిడ. ఏం చేయమంటారు?

గ్లాస్గో గోపాలం
ఇది ఆ హాలువారి లోపమే. స్కాట్లండ్‌లో ఇలా ఉండదు. ఇక్కడ బృందంతో పాటు ఒక ‘కాలర్’ ఉంటారు. ప్రతి నాట్యానికీ ముందు అడుగులు చెప్పి, ఒకసారి నడిపించి, అప్పుడు సంగీతం మొదలుపెట్టిస్తారు. గే గోర్డన్స్, డాషింగ్ వైట్ సార్జంట్, స్ట్రిప్ ద విల్లో, ఈ మూడూ వస్తే ఏ పెళ్ళికి వెళ్ళినా గట్టెక్కవచ్చు. నేను చదువుకునే రోజుల్లో మొదటి వారమే నేర్చుకున్నాను. కొత్తవారిని చూసుకునే పద్ధతి అక్కడ లేకపోతే మీ తప్పేముంది?

భీమవరం భాను
పెద్దాయన వచ్చి చెయ్యి చాచడమే కదా నేర్పడం?

హాలిఫాక్స్ రాఘవ
భాను గారు ఒక్క ముక్కలో చెప్పేశారు. గోపాలం గారితో మాత్రం నేను ఏకీభవించను. పదకొండేళ్ళుగా ఈ రాష్ట్రంలో ఉంటున్నాను, వేసవిలో నెలకు రెండుసార్లయినా ఆ వైపు వెళ్తాను. స్కాట్లండ్ పద్ధతితో దీన్ని కొలవకూడదు.

కేప్ బ్రెటన్ పల్లె హాలులో జరిగేది ప్రదర్శన కాదు. హెక్టర్ అనే ఓడ 1773లో పిక్టౌ రేవుకు స్కాట్లండ్ హైలాండ్స్ నుంచి గేలిక్ భాష మాట్లాడే కుటుంబాలను తెచ్చింది. తరవాత వేల మంది వచ్చారు. గొర్రెల మేపు కోసం భూస్వాములు పల్లెలకు పల్లెలనే ఖాళీ చేయించిన కాలం అది. వచ్చినవారిలో చాలా మంది ఈ దీవి పడమటి తీరంలో, పక్కపక్కనే, ఊరివారంతా కలిసి స్థిరపడ్డారు. అందుకే వారి పాటా, వాయింపూ, అడుగూ ఇంటి నుంచి ఇంటికి వచ్చాయి. ఎవరూ తరగతిలో నేర్చుకోలేదు. ‘కేలీ’ అన్న మాటకు గేలిక్‌లో అసలు అర్థం పొరుగింటికి చూడపోవడం. చలికాలం రాత్రి ఎవరింటికో వెళ్ళడం, ఒకరు కథ చెబితే ఒకరు పాట పాడటం. నాట్యం దానిలో ఒక భాగం.

ఇక చతురస్ర నాట్యం సంగతి. ‘స్క్వేర్ సెట్’ అంటారు. ఆ కౌంటీలో సాధారణంగా మూడు భాగాలు. మొదటి రెండూ జిగ్ అనే లయకు, మూడోది రీల్ అనే లయకు. మూడింటికీ ఒకే జోడీ. మధ్యలో కొద్దిగా విరామం ఉంటుంది. మొదటిది రెండు నిమిషాలు శ్రద్ధగా చూస్తే క్రమం అర్థమవుతుంది. ఒకప్పుడు అక్కడ కూడా కేక వేసి చెప్పేవారు ఉండేవారు. అందరికీ వచ్చేసిన చోట ఆ అవసరం పోయింది. పద్మజ గారూ, మీరు రెండుసార్లు కాదన్నారు కాబట్టి మర్యాదకు మూడోసారి అడగలేదు. అది వెలివేయడం కాదు, మీ మాటకు ఇచ్చిన విలువ.

గ్లాస్గో గోపాలం
చరిత్ర సరే. కొత్తగా వచ్చిన అమ్మాయికి ఆ చరిత్ర ఎలా తెలుస్తుంది? మీకు పదకొండేళ్ళు పట్టింది.

మృదంగం మాస్టారు
అడుగుల మాట ఎలా ఉన్నా, లయ మనకు కొత్త కాదు. అది పట్టుకోండి. జిగ్ అంటే ఆరు అక్షరాలు: తకిట తకిట, తకిట తకిట. తిశ్రమే. రీల్ అంటే తకధిమి తకజణు, వేగంగా. రెండింటికీ మధ్య స్ట్రాత్‌స్పే అని ఒకటి వస్తుంది. అది నాలుగు దెబ్బలదే కానీ కొరకొరలాడుతూ ఉంటుంది, చిన్న స్వరం ముందు తగిలి, పెద్దది వెనక నిలుస్తుంది. స్ట్రాత్‌స్పే వినబడితే గుంపు ఆగుతుంది, ఒక్కొక్కరే ముందుకు వచ్చి స్టెప్ డాన్స్ చేస్తారు. అప్పుడు నడుము పైన ఏమీ కదలదు. చేతులు ఊరికే వేలాడుతుంటాయి. పనంతా పాదాలదే, అది కూడా నేలకు జానెడు ఎత్తు దాటకుండా. మా అబ్బాయి టొరంటోలో ఒకరి దగ్గర చూసి నాకు వీడియో కాల్‌లో చూపించాడు. కళ్ళు మూసుకుని వింటే మద్దెల మీద తీర్మానం వేసినట్టే ఉంది.

వాళ్ళకు నోటితో నాట్యానికి పాడే పద్ధతి కూడా ఉంది, ‘పుర్ష్ట్ అ బియల్’ అంటారు. వాద్యం లేనప్పుడు నోరే వాద్యం. అర్థం కంటే అక్షరాల దెబ్బ ముఖ్యం. మన జతులకు దాయాదులు అనుకోండి.

వయొలిన్ వాసంతి
మాస్టారు గారి మాటకు ఇంకొకటి జోడిస్తాను, ఇది తెలిసిన రోజు నాకు నిద్ర పట్టలేదు. పాశ్చాత్య వయొలిన్‌లో నాలుగు తీగలూ వరుసగా ఐదేసి స్వరాల దూరంలో ఉంటాయి. మనం మాత్రం స ప స ప అని కడతాం కదా. కేప్ బ్రెటన్ వారు కొన్ని బాణీలకు కింది రెండు తీగలనూ పైకి లాగి ‘ఏ, ఈ, ఏ, ఈ’ స్వరాలకు కడతారు. ‘హై బాస్’ అని పేరు. అంటే అచ్చంగా స ప స ప! వాయించని తీగలు కూడా మోగుతూ తంబురా శృతిలా వెనక నిలబడతాయి. ఎవరి అవసరం వారిని ఒకే చోటికి తెచ్చింది.

నేను ఒక కేలీలో విరామంలో ఫిడేలు ఆయన దగ్గరకు వెళ్ళి ఈ సంగతి చెప్పాను. ఆయన తన ఫిడేలు నా చేతిలో పెట్టారు. మనలా కింద కూర్చుని, ఫిడేలు తలను పాదం మీద ఆనించి వాయించి చూపించాను. నలుగురు పిల్లలు నేల మీద నా ఎదుట కూర్చుండిపోయారు.

సాదాసీదా సత్యం
నాదొక భిన్నాభిప్రాయం. ఎవరి తాతముత్తాతల పండుగో అది. మనం అక్కడ ఇమడాలని ఇంత తాపత్రయం ఎందుకు? ఒకమ్మాయి మర్యాదగా కూర్చుని చూసి వచ్చింది. దానికి ఇక్కడ విచారణ జరుగుతోంది. చూడటం తప్పా?

హాలిఫాక్స్ రాఘవ
చూడటం తప్పని ఎవరూ అనలేదు సత్యం గారూ. నాట్యం చేయకుండా కూర్చునే పెద్దవాళ్ళు ప్రతి హాలులోనూ సగం మంది ఉంటారు. కానీ “వారి తాతముత్తాతలది” అనడం దగ్గర ఆగుతాను. ఆ దీవి అసలు మిక్మా అనే ఆదివాసీ ప్రజలది. ఎస్కసోనికి చెందిన లీ క్రీమో అనే మిక్మా విద్వాంసుడు ఈ ఫిడేలు బాణీలోనే దేశమంతా పేరు తెచ్చుకున్నారు. 1999లో పోయారు. అకాడియన్ ఫ్రెంచి ఊళ్ళలోనూ ఇదే వాయిస్తారు. రక్తం చూసి కుర్చీ వేసే సంగీతం కాదది.

చీరాల చిన్నమ్మాయి
అసలు విషయం ఎవరూ అడగడం లేదు. అక్కడ తినడానికి ఏముంటుంది? మాంసం తిననివారి సంగతి ఏమిటి?

హాలిఫాక్స్ రాఘవ
టీ, ఓట్లతో చేసే బిళ్ళలు, బానక్ అనే రొట్టె, శాండ్‌విచ్‌లు. ఓట్ల బిళ్ళల్లో పంది కొవ్వు వేసే పాత పద్ధతి ఒకటి ఉంది, అడిగి తినండి. అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు. ఏదైనా ఒక డబ్బా నిండా చేసి పట్టుకువెళ్ళండి, ఇంకా మంచిది. నేను ఒకసారి చెక్కలు తీసుకువెళ్ళాను, టీ బల్ల మీద పెట్టిన పది నిమిషాలకు డబ్బా అడుగు కనబడింది.

భీమవరం భాను
పద్మజ గారూ, పాలకొల్లు నుంచి వచ్చి చెక్కలు లేకుండా వెళ్ళారా? అసలు తప్పు అక్కడే దొరికింది :)

డబ్లిన్ దుర్గ
ఐర్లండ్ నుంచి నా రెండు మాటలు. ఇక్కడ కూడా గేలిక్ సంప్రదాయమే, మాట కూడా అదే, కేలీ. కానీ కొత్తవాళ్ళు ఎక్కువగా ఎదుర్కొనేది పబ్బులో జరిగే ‘సెషన్’. అక్కడ వాద్యకారులు బల్ల చుట్టూ కూర్చుంటారు. ఆ వలయంలో ఒక కుర్చీ ఖాళీగా కనబడుతుంది. అందులో కూర్చోకండి! అది ఆలస్యంగా వచ్చే వాద్యకారుడిది. నేను కూర్చున్నాను, అరగంట తరవాత ఒకాయన బాన్సురి లాంటి కొయ్య వేణువు పట్టుకుని నా వెనక నిలబడి ఉన్నారని తెలిసింది. ఒక్క మాట అనలేదు పాపం. ఎవరైనా వాద్యం లేకుండా పాట ఎత్తుకుంటే గ్లాసు చప్పుడు కూడా ఆగిపోవాలి. వీడియో విషయంలో మాత్రం ఇక్కడ కొంచెం చూసీచూడనట్టు ఉంటారు.

గోపాలం గారికి ఒక మాట. హాలులో, టికెట్టుతో, అందరికీ నేర్పుతూ చేసే కేలీ పాత పద్ధతేమీ కాదు. ఐరిష్ వారిలో అలాంటి మొదటి కేలీ 1897లో గేలిక్ లీగ్ అనే భాషా సంఘం వారు పెట్టారు, అదీ లండన్‌లో. ఊరు వదిలి వెళ్ళినవారికి ఊరు గుర్తుండాలని.

గ్లాస్గో గోపాలం
దుర్గ గారూ, ఆ సంగతి నాకు తెలియదు. కానీ అది నా వాదనకే బలం. ఊరు వదిలిన వారికోసం పుట్టింది కాబట్టే నేర్పే పద్ధతి వచ్చింది. మనమూ ఊరు వదిలిన వాళ్ళమే కదా.

స్కాట్లండ్‌లోనూ చూసి కూర్చోవలసిన చోటు ఒకటి ఉంది, అది మోడ్. 1892లో ఓబన్‌లో మొదలైంది, ప్రతి అక్టోబరులో ఒక్కో ఊళ్ళో జరుగుతుంది. గేలిక్ పాటల పోటీలు. సంగీతానికి ఒక న్యాయనిర్ణేత, భాషకు వేరే న్యాయనిర్ణేత. రాగం ఎంత బాగున్నా ఉచ్చారణ తప్పితే మార్కులు పోతాయి. ఆ ఒక్క ఏర్పాటు చూసి నేను చాలాసేపు కదలలేకపోయాను. మన పాటల పోటీల్లో తెలుగు ఉచ్చారణకు వేరే మార్కులు వేసేవారు ఎక్కడైనా ఉన్నారా?

మృదంగం మాస్టారు
ఉంటే మా ఊరి పిల్లలందరికీ ‘ళ’ వచ్చి ఉండేది.

ఒంగోలు ఓబులేశు
ఫోను దించమన్న విషయం గురించి ఎవరూ పట్టించుకోలేదు. ఆ అమ్మాయి ఏడ్చిందంటున్నారు. డబ్బులిచ్చి లోపలికి వెళ్ళినప్పుడు వీడియో తీసుకుంటే ఏం నష్టం? అక్టోబరులో జరిగే సెల్టిక్ కలర్స్ ఉత్సవంలో అందరూ తీస్తారు.

ఐయోనా దారిలో అరుణ
అది కచేరీ, ఇది ఊరివాళ్ళ శనివారం. తలుపు దగ్గర ఇచ్చే డబ్బు హాలు దీపాలకూ, ఫిడేలు ఆయన చేతిలో పెట్టడానికీ. వారి ముఖాలు కొనుక్కోవడానికి కాదు. నాట్యం చేస్తున్న మనిషికి ఎదురుగా ఫోను ఎత్తి పట్టుకోవడం ఎలా ఉంటుందో ఒకసారి అనుకోండి: పెళ్ళిలో మన అమ్మ తలంబ్రాలు అందిస్తుంటే ముక్కూ మొహం తెలియనివారు వచ్చి ముఖం మీద కెమెరా పెడితే? అడిగి తీస్తే చాలా మంది సరేనంటారు. ముందు ఫిడేలు ఆయన్ని అడగాలి, ఎందుకంటే ఆ బాణీ ఆయన స్వయంగా కట్టినదే కావచ్చు.

అసలు నేను రాయాలనుకున్నది వేరే. పద్మజ గారికి నాట్యం భయంగా ఉంటే ముందు ‘మిల్లింగ్ ఫ్రాలిక్’కు వెళ్ళమని నా సలహా. మీ దీవిలోనే ఐయోనాలో హైలాండ్ విలేజ్ అని ఒక మ్యూజియం ఉంది, కొండ మీద, కింద బ్రాడోర్ సరస్సు. అక్కడ చేస్తారు. పూర్వం మగ్గం మీద నుంచి దించిన ఉన్ని బట్టను తడిపి, బల్ల మీద బాది బాది చిక్కగా అయ్యేలా చేసేవారు. స్కాట్లండ్‌లో అది ఆడవారి పని. కేప్ బ్రెటన్‌లో మగవారూ కూర్చున్నారు. ఇప్పుడు బట్ట అవసరం లేదు, పాట అవసరమై చేస్తున్నారు.

పొడుగాటి బల్ల. చుట్టూ పదీ పన్నెండు మంది. దుప్పటి అంచు రెండు చేతులతో పట్టుకుని ముందుకు కొట్టి, వెనక్కి లాగి, పక్కవారికి జరపాలి. ఒకరు చరణం పాడతారు, అందరూ పల్లవి అందుకుంటారు. పల్లవిలో సగం అర్థం లేని అక్షరాలే, కాబట్టి రెండోసారికి మీకూ వచ్చేస్తుంది. మా అమ్మమ్మ దంపుళ్ళ పాటలు పాడేది. రోలు చుట్టూ ముగ్గురు రోకళ్ళు వేస్తుంటే పాట తప్పితే రోకలి రోకలికి తగులుతుంది, అందుకే పాట. ఇక్కడ నా పక్కన కూర్చున్న ముసలావిడ నేను దుప్పటి ఎడమ చేతి వైపు కాకుండా కుడి వైపుకు తోస్తుంటే మణికట్టు పట్టుకుని ఆపారు. బట్ట సూర్యుడు తిరిగే వైపే తిరగాలట, ఎదురు తిరిగితే అరిష్టం. ప్రదక్షిణం! నాకు ఎవరూ వేరే చెప్పనక్కరలేకపోయింది. ఆవిడ చెయ్యి ఎంత గరుకుగా ఉందో ఇప్పటికీ గుర్తుంది.

వయొలిన్ వాసంతి
అరుణ గారూ, ఈ టపా దాచుకుంటున్నాను.

చీరాల చిన్నమ్మాయి
అక్కడి వాళ్ళతో మాట ఎలా కలపాలి? నాకు అదే పెద్ద బెంగ.

ఐయోనా దారిలో అరుణ
మీరు కలపనక్కరలేదు, వారే అడుగుతారు. గేలిక్‌లో పాత ప్రశ్న ఒకటి ఉంది: “కో లేష్ ఊ?” నువ్వు ఎవరి తాలూకు, ఎవరి బిడ్డవు అని. ఇంగ్లీషులో మాట్లాడేవారు కూడా మీ నాన్న ఎవరు అనే అడుగుతారు. మన ఊళ్ళలో “ఎవరమ్మాయివమ్మా?” అన్నట్టే. ఊళ్ళో సగం మంది మాక్‌డొనాల్డులైతే మరి తండ్రి, తాత పేర్లు చెప్పుకోక తప్పదు. మీ నాన్నగారి పేరూ, తాతగారి పేరూ, ఊరి పేరూ చెప్పండి. అది విని తల ఊపేవారు ప్రపంచంలో ఇంకా ఉన్నారు.

ధన్యవాదాలకు సమవయస్కులకు ఒక మాట, పెద్దలకు ఇంకో మాట. మన నువ్వు, మీరు లాగే వారికీ ‘ఊ’, ‘శివ్’ ఉన్నాయి. పెద్దలతో ‘తాపా లీవ్’ అనండి.

భీమవరం భాను
‘మీరు’ అంటే ‘శివ్’ అని ఇక నేను జన్మలో మరిచిపోను.

సాదాసీదా సత్యం
నేను వెనక్కి తగ్గడం లేదు కానీ ఒకటి అడుగుతాను. భాష రానివారంతా వచ్చి పల్లవి పాడితే ఆ భాష బతుకుతుందా?

హాలిఫాక్స్ రాఘవ
మంచి ప్రశ్న, మనసులో పెట్టుకుని రాస్తున్నాను. పాట ఒక్కటే భాషను బతికించదు. ఇక్కడ బడిలో గేలిక్ మాట్లాడితే దెబ్బలు తిన్నవారు, ఆ భయంతో సొంత పిల్లలకు నేర్పనివారు ఇప్పటి ముసలివారి ఇళ్ళలోనే ఉన్నారు. స్కాట్లండ్‌లో 1872 విద్యా చట్టంలో గేలిక్‌కు చోటే ఇవ్వలేదు. ఇంత జరిగాక ఒక ముసలాయన పరాయి దేశపు అమ్మాయికి చెయ్యి చాచారంటే అది చిన్న సంగతి కాదు నా దృష్టిలో.

ఫిడేలు కథ మాత్రం ధైర్యం ఇస్తుంది. 1971లో కెనడా ప్రభుత్వ ప్రసార సంస్థ సీబీసీ వారు కేప్ బ్రెటన్ ఫిడేలు కనుమరుగవుతోందని ఒక డాక్యుమెంటరీ తీశారు. ఊళ్ళవాళ్ళకు పౌరుషం వచ్చింది. 1973లో గ్లెండేల్‌లో పెద్ద ఫిడేలు ఉత్సవం చేసి చూపించారు. పిల్లలకు నేర్పడం మొదలైంది. బడ్డీ మాక్‌మాస్టర్ అని మహానుభావుడు, రైల్వే స్టేషనులో ఉద్యోగం చేస్తూ హాళ్ళలో నాట్యాలకు వాయించేవారు. 2014లో పోయారు. ఆయన వాయించిన హాళ్ళలోనే ఇప్పుడు పాతికేళ్ళ వాళ్ళు వాయిస్తున్నారు. వింటానికీ ఆడటానికీ జనం లేకపోతే ఎవరికోసం వాయిస్తారు? అందుకే వెళ్ళమంటున్నాను.

గ్లాస్గో గోపాలం
రాఘవ గారూ, కాలర్ విషయంలో నా మాట నాదే. ఈ టపాకు మాత్రం నమస్కారం.

పాలకొల్లు పద్మజ
అందరికీ. నిన్న రాత్రి వెళ్ళి వచ్చాను. తెల్లవారుజామున రెండింటికి ఇల్లు చేరాం, నిద్ర రాక రాస్తున్నాను.

చెక్కలు చేశాను. కారులో ఇంటావిడకు పోయినసారి ఎందుకు కాదన్నానో చెప్పాను. తప్పు అడుగు వేస్తే ఎనిమిది మంది ఆట పాడవుతుందని భయం వేసిందని. ఆవిడ కారు పక్కకు ఆపి, దిగి, హెడ్‌లైట్ల వెలుగులో రోడ్డు పక్కన కంకర మీద నాకు అడుగులు చూపించారు. డెబ్భై దాటిన మనిషి. గాలికి కోటు అంచు ఎగురుతోంది. మాస్టారు గారూ, తకిట తకిట అని పైకే అన్నాను. ఆవిడ కూడా అన్నారు, “తకిడ తకిడ” అని.

హాలులో ఆ పెద్దాయన కనబడ్డారు. ఈసారి నేనే వెళ్ళి అడిగాను. ఆయన తొడుక్కున్న బూట్లు తోలు అడుగువి, ముందు భాగం అరిగి నున్నగా మెరుస్తోంది. మొదటి భాగంలో రెండుసార్లు తప్పు వైపు తిరిగాను. తిరిగిన ప్రతిసారీ ఎవరో ఒకరి చెయ్యి భుజం మీద పడి నన్ను సరైన వైపు తిప్పింది. ఎవరి చేతులో కూడా చూడలేదు. మూడో భాగం రీల్‌కు వచ్చేసరికి లెక్క మరిచిపోయాను.

తరవాత టీ దగ్గర ఆయన మీ నాన్న ఎవరని అడిగారు. చెప్పాను. తాత? చెప్పాను. ఆయన తనవి ఐదు తరాలు వరుసగా గేలిక్‌లో చెప్పారు, చివరి పేరు దగ్గర సముద్రం వైపు చెయ్యి చూపించారు. నాకు ముత్తాత పేరు దగ్గర ఆగిపోయింది. ఇవాళ అమ్మకు ఫోను చేసి అడిగాను. నాన్నమ్మను అడిగి చెబుతానంది.

నా స్నేహితురాలు ఫోను సంచిలోనే ఉంచింది. చివరలో, పోయినసారి దించమన్నావిడే వచ్చి తన మనవరాలి స్టెప్ డాన్స్ తీసి పంపమని అడిగారు.

భీమవరం భాను
చెక్కల సంగతి?

పాలకొల్లు పద్మజ
డబ్బా ఖాళీ. కారం ఎక్కువైందని ఒక్కరూ అనలేదు, టీ మాత్రం రెండేసి కప్పులు తాగారు.

ఐయోనా దారిలో అరుణ
వచ్చే నెల ఐయోనాలో ఫ్రాలిక్‌కు నేను హాలిఫాక్స్ నుంచి కారులో వస్తున్నాను. పద్మజ, చిన్నమ్మాయీ, మీరు వస్తామంటే బల్ల దగ్గర నా పక్కన రెండు కుర్చీలు అట్టేపెడతాను. ముత్తాత పేరు కనుక్కుని రండి.

చీరాల చిన్నమ్మాయి
నేను వస్తున్నాను. దుప్పటి ఏ వైపు తిప్పాలో ఇంకోసారి చెప్పండి.